మెట్ల మీద పితికిపప్పు

మడివాళ మార్కెట్లో తోపుడు బండ్లను తీసేయొద్దని మా సంఘం, తీసేయాల్సిందేనని వెనక కాలనీవాళ్ల సమితి. నేను బండ్లవాళ్లకు కరపత్రాలు రాసేదాన్ని. మా అక్క ఆ సమితిలో మనిషి. అందుకే సంఘంలో నేను నోరు తెరిస్తే నలుగురు నా మొహమే చూసేవాళ్లు.

మేం మానవహారం కడితే వాళ్లూ కట్టారు. వాళ్లు కొవ్వొత్తులు పట్టుకుంటే మేమూ పట్టుకున్నాం. చూసి నేర్చుకున్నదానికి ఎవరూ ఏమీ అనుకోలేదు. కానీ నేను చెప్పిన ఉపాయం ఇంకా ఎవరూ చూడనిది. రెండు పక్షాలనూ వార్డు ఆఫీసుకు పిలిచిన రోజు, ఆడవాళ్లమంతా మెట్ల మీద కూర్చుని, నానబెట్టిన అనపగింజల పొట్టు పితుకుతూ ఉండాలి. నినాదాల్లేవు. పితికిపప్పు చేసుకునేవాళ్లని పోలీసులు ఏమని లేపుతారు? అంతా నా తెలివికి మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను.

తీరా గిన్నెలతో వెళ్లేసరికి మెట్ల నిండా కాలనీ ఆడవాళ్లు, ఒళ్లో అనపగింజలు. మధ్యలో అక్క.

"మీ ఇంట్లోంచే పోయిండాది మాట. సాయంత్రం మీటింగులో నువ్వే చెప్పల్ల," అంది మా సంఘం పెద్దావిడ.

ఒళ్లు మండిపోయింది. అక్క మెట్లు దిగి ఇల్లు చేరేదాకా ఆగి, వెనకే వాళ్లింటికి వెళ్లాను. "మా మాటలు నీకెవరు మోసినారు?"

అక్క తెల్లబోయింది. "నువ్వే మాది ఎత్తుకుపోతివని నేననుకుంటా ఉండా! మన చిన్నప్పుడు నల్లీలో నీళ్లు రాకుంటే అమ్మ నీళ్లాఫీసు ముందర కూర్చుని అనపగింజలు పితికింది మరిచిపోతివా? నువ్వొక పక్క, నేనొక పక్క ఉంటిమి కదే."

అప్పుడు గుర్తొచ్చింది. చలికి నా వేళ్లు కొంకర్లు పోతే అమ్మ కొంగులో చుట్టింది. నా తెలివి అనుకున్నది అమ్మది. సిగ్గేసింది.

సాయంత్రం మీటింగులో అందరూ నా కోసమే ఎదురుచూస్తున్నారు. అమ్మ సంగతి చెబితే ఎవరు నమ్ముతారు?

"మా ఇంటికొచ్చినప్పుడు, నేను ఫోన్లో మాట్లాడుతుంటే అక్క చాటుగా వినింటుంది," అన్నాను.

వెంటనే నమ్మేశారు. పెద్దావిడ నా భుజం తట్టింది.

అక్క ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. ఆ మాట తన దాకా చేరిందేమోనని, నేను ముందు ఆమె గొంతులో తేడా ఉందేమో కనిపెట్టి, తర్వాతే పలుకుతాను.