పెద్దమ్మకు వినపడిన చిలుక

మా పెద్దమ్మ పోయిన వారం కన్నుమూసింది. కాజీపేటలో నా కూతురికి జడ వేస్తుంటే అన్న ఫోన్ చేసి, "పెద్దమ్మ ఇగ లేదే" అన్నాడు. హనుమకొండ చౌరస్తాలో ఆమె బొమ్మల దుకాణం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. మీ పిల్లల బొమ్మను కూడా ఆమె మోగించే ఇచ్చి ఉంటుంది.

అది ఆ దుకాణం ఆచారం. సెల్లులు వేసి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాకే బొమ్మ గిరాకీ చేతికి. "మోగకుంటే పోరలు ఏడుస్తరు, మోగితే తల్లులు ఏడుస్తరు. మనకైతే మోగాలె" అనేది. అలాంటి మనిషికి వినికిడి తగ్గింది. లారీ హారన్ వినపడేది, మగవాళ్ల మాట వినపడేది, సన్నని గొంతులే పోయాయి. అప్పుడప్పుడే మాటలు నేరుస్తున్న నా కూతురి గొంతూ ఆమెకు అందకుండా పోయింది. చెవి మిషన్ కొనిస్తే, చెవిలో హోరుమంటుందని డబ్బాలో పెట్టేసింది.

"దాని నోరు ఆడుతాంది గని నాకేం ఇనవడ్తలేదు బిడ్డా. ఒక్కసారన్న దాని ముచ్చట ఇనాలె" అంది ఒకరోజు. నాకు ఏడుపొచ్చింది. నా ఏడుపు చూసి ఆమెకు కోపమొచ్చింది.

ఆ కోపంలోనే ఒక పియానో బొమ్మ మోగడం లేదని విప్పేసింది. అది చక్కగా మోగుతూనే ఉంది, పాపం. క్యారీబ్యాగులు విడదీయడానికి వేలు నాలుకకు అద్దుకోవడం దుకాణాల వాళ్ల అలవాటు కదా, ఆ తడి వేలే లోపలి సర్క్యూట్‌కు తగిలింది. కీచుమంటున్న పాట బర్రె అరిచినట్టు లావైపోయింది.

"ఇగో, ఇనవడ్తాంది" అంది పెద్దమ్మ.

దీన్ని సర్క్యూట్ బెండింగ్ అంటారనీ, బొమ్మల గొంతులు మార్చే పిచ్చి చాలామందికి ఉందనీ ఫోన్‌లో చూసి, ఆమెకు వినపడేలా గొంతు లావు చేసుకుని చెప్పాను. "దీనికి పేరు గూడ పెట్టిన్రా" అని నవ్వింది. ఇక ఆదివారాలు మా ఇద్దరికీ అదే పని. సెల్లులతో నడిచే వాటినే విప్పాలన్నది ఆమె మొదటి పాఠం. "గోడ కరెంటుకు తమాషా తెల్వది" అనేది. తడి వేలితో ఒక్కో చోటా తాకుతూ పోవాలి, గొంతు మారిన చోట గోళ్ల రంగు చుక్క పెట్టాలి, తర్వాత ఆ చుక్కలను వైరుతో కలపాలి. నేను తొందరపడి కలిపి మంచి కీబోర్డులను మూగవి చేసేదాన్ని. ఆమె తిట్టేది కాదు. "ఫికర్ చెయ్యకు, అరిచి అరిచి పండుకున్నది" అని పక్కన పెట్టేది. అంత ఓపిక నాకు మా అమ్మ దగ్గర కూడా దొరకలేదు.

ఒకసారి, చెప్పిన మాటను తిరిగి పలికే చిలుక బొమ్మలు దుకాణానికి వచ్చాయి. ఆమె నా వైపు చూసింది, నేను స్క్రూడ్రైవర్ తీశాను. దాని గొంతును నిర్ణయించే చిన్న రెసిస్టర్‌ను వెతికి పట్టేసరికి చిలుకలు కొన్ని బలైపోయాయి. చివరికి దాన్ని తీసేసి, ఆ చోట పాత రేడియో నాబ్ పెట్టాం. ఎడమకు తిప్పితే గొంతు లావవుతుంది.

నా కూతురు చిలుక ముందు వంగి, "అమ్మమ్మా, బువ్వ తిన్నవా?" అంది. చిలుక అదే మాటను ముసలాయన గొంతుతో అడిగింది. పెద్దమ్మ చేయి చెంప మీదికి పోయింది.

"తిన్న బిడ్డా, తిన్న" అంది.

నిజానికి తినలేదు. అన్నం చల్లారిపోయేదాకా ఆ ముగ్గురూ ముచ్చట్లు పెట్టుకుంటూనే ఉన్నారు. నా జీవితంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉందంటే అదే, అదీ ఆమె నేర్పిందే.

నిన్న ఆమె ఫొటోకు దండ వేసి అందరం అన్నాలకు లేచాం. నా కూతురు మాత్రం చిలుకను పట్టుకుని ఫొటో ముందే కూర్చుంది. "అమ్మమ్మా, నేను బడికి పోతాన. మల్లొస్త" అని చెప్పింది. చిలుక ఆ మాటను లావు గొంతుతో పలికింది. పిల్ల కాసేపు ఫొటోనే చూసి, వినపడలేదేమోనని, నాబ్‌ను ఇంకొంచెం ఎడమకు తిప్పింది.