చివరి రీలు లేని తలుపు సినిమా

ఆ రోజుల్లో నాకు సినిమా చూడటం కంటే, చూసొచ్చాక దాని గురించి మాట్లాడటమే పెద్ద పని. పెద్దపల్లి దగ్గర మా ఊళ్లో వరి మళ్లు, అవ్వ, బాపు, ఒక జత ఎడ్లు తప్ప వేరే లోకం ఎరగని నేను, ఇరవై ఏళ్ల వయసులో గోదావరి అవతల బొగ్గుబాయిలో పట్టాల మీద బొగ్గు టబ్బులు నెట్టే పనికి కుదిరాను. అప్పటికే కరీంనగర్‌లో ఒకసారి, మేనత్త కొడుకు పెళ్లికి హైదరాబాదు పోయినప్పుడు ఇంకోసారి, పక్కా టాకీసులో కుర్చీ మీద కూర్చుని సినిమా చూసినవాణ్ణి. మా కాలనీలో అంత అనుభవం ఇంకెవరికీ లేదని నా నమ్మకం (ఉండే ఉంటుంది, నేనెవర్నీ అడగలేదు). అందుకని క్వార్టర్ల వెనక మైదానంలో డేరా టాకీసు ఏ బొమ్మ ఆడించినా, మర్నాడు బాయి గేటు దగ్గర తీర్పు చెప్పేది నేనే. హీరో ఏడిస్తే తుమ్మినట్టుందనేవాణ్ణి. యుద్ధమైతే కత్తులు వంగుతున్నాయనేవాణ్ణి. జనం నాకు ‘వంకలోడు’ అని పేరు పెట్టారు. దాన్ని నేను బిరుదనుకున్నాను.

తిండి మాత్రం ఇచ్చోడ మామ ఇంట్లో. సొంత మామ కాదు. ఇచ్చోడ నుంచి వచ్చినవాడు కాబట్టి కాలనీకంతా ఇచ్చోడ మామ, ఆయన భార్య కాలనీకంతా అత్త. మామ బాయిలో టబ్బులకు బొగ్గు నింపేవాడు, అవి నెట్టేది నేను. పొడుగాటి మనిషి, నోరు తెరిస్తే ముందు ‘కాయ్ రే’ (ఏంరా) అనే మరాఠీ ముక్క, ఆ తర్వాతే తెలుగు. వాళ్లకు పిల్లలు లేరు. అత్తకు సినిమా అంటే ప్రాణం. మామకు అత్త అంటే భయం గనక ఆయనకూ సినిమా అంటే ప్రాణమే.

ఆ చలికాలం డేరాకు ఒక దెయ్యం బొమ్మ వచ్చింది. దానికి ఏదో పెద్ద పేరే ఉంది గాని మావాళ్లు దాన్ని ‘తలుపు సినిమా’ అనే పిలిచారు. కథ చిన్నది. ఒక పాత బంగళా, అందులో ఒక గది. కోడల్ని ఆ గదిలో పెట్టి బయట గొళ్లెం వేశారు, ఆమె లోపలే చచ్చిపోయింది. అప్పట్నుంచి లోపలివైపు నుంచి తలుపు మీద చప్పుడు. టక్. కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ టక్, టక్. దెయ్యం కనబడదు, మాట్లాడదు, అన్ని దెయ్యాల్లాగా పాటైనా పాడదు. చప్పుడు విని తలుపు తీసినవాడు మర్నాటికి ఉండడు. విని, మారుమాట లేకుండా వెనక్కి తిరిగిపోయినవాడు బతికిపోతాడు. ఆఖర్న ఒక మంత్రగాడొచ్చి, నిమ్మకాయలు కోసి, ఆమెను సీసాలో బంధించి, హీరోకు పెళ్లి చేసేస్తాడు.

మొదటాటకు ముగ్గురం వెళ్లాం. నేల మీద కూర్చున్నాం. డేరా బయట జనరేటరు గురక పెడుతూ ఉంది. చలిగాలికి గుడ్డ గోడలు లోపలికి ఉబ్బుతూ, బయటికి తగ్గుతూ, ఏదో పెద్ద జంతువు కడుపులో కూర్చున్నట్టుంది. తెర మీద ఆ తలుపు తప్ప ఏమీ లేదు. అంతమంది జనంలో ఒక్కరు దగ్గలేదు. టక్. నా పక్కన మామ ఊపిరి ఆగింది. వెనకెక్కడో ఒక పసిపిల్ల ఏడవబోయి మానుకుంది. టక్, టక్. ఆ చప్పుడు తెర దగ్గర్నుంచి కాక నా వీపు వెనక నుంచి వచ్చినట్టనిపించింది. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని గట్టిగా నవ్వాను. అత్త నా తొడ మీద గిల్లింది.

తిరిగొచ్చే దారి బొగ్గు పొడి కుప్పల పక్కనుంచి. ఆ కుప్పలు ఎవరూ అంటించకుండానే లోలోపల కాలుతుంటాయి. చీకట్లో అక్కడక్కడ ఎర్రగా తెరుచుకుని మళ్లీ మూసుకుంటాయి. రోజూ చూసేవే. ఆ పూట మాత్రం నేను వాటివైపు చూడకుండా, మామకూ అత్తకూ మధ్యలో నడిచాను (గాలి తగలకుండా అని చెప్పాను).

మర్నాడు గేటు దగ్గర నా తీర్పు కోసం పదిమంది గుమిగూడారు. ధైర్యమంతా తిరిగొచ్చింది. “గదేం సినిమా? సచ్చిన మనిషి తలుపు కొట్టుడెందుకు, సందుల్నుంచి రాదా? ఆ బంగళాల అందరు ముసలోళ్లే, ఒక్కని మీసం సక్కగ అతుకలే. పొద్దుగాల సీన్ల గూడ ఆకాశంల చంద్రుడున్నడు!” అన్నాను. అందరూ నవ్వారు. మామ నవ్వలేదు.

“కాయ్ రే, జర మెల్లగ మాట్లాడు,” అన్నాడు. “ఆమె బాధ ఆమెది. నీకేమన్న అన్నదా? ఊకే ఎందుకు మాటలంటవ్?”

“మామా, గది బొమ్మ. ఎనక ఎవడో కట్టెతోని కొడుతుండు.”

“కొట్టనియ్. నువ్వైతే నోరు మూసుకో.”

అదే వారంలో, మొదటి షిఫ్టులో జరిగింది. బాయి లోపల పగలూ రాత్రీ ఒకటే. నెత్తి మీది దీపం ఎంతమేర పడితే అంతే లోకం. ఆ రోజు మేం పని చేసే చోటు పాత గని పక్కన. బొగ్గు తీసేశాక, ఎవరూ పోకుండా అడ్డంగా చెక్క పలకలు కొట్టి మూసేసిన దారి అది. ఆ పలకల ముందు కాస్త చదునుగా ఉంటుందని మామ, నేను రొట్టెలు తినడానికి అక్కడే కూర్చున్నాం. తక్కినవాళ్లు దూరంగా మలుపు అవతల ఉన్నారు. వాళ్ల మాటలు కూడా వినబడటం లేదు. ఎక్కడో నీళ్లు కారుతున్నాయి. అత్త కట్టిచ్చిన జొన్నరొట్టె, వెల్లుల్లి కారం విప్పాను. మామ దీపం పలకల మీద పడింది. చూడగానే నాకు ఆ తలుపు గుర్తొచ్చింది. చెప్పకుండా ఊరుకోవచ్చు. కానీ వంకలోణ్ణి కదా.

“మామా, అగో, నీ కోడలు పిల్ల గీ తలుపెనకనే ఉంటదేమో. రొట్టె పెడదామా?”

మామ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఏదో తిట్టబోయాడు. అప్పుడే, ఆ పలకల అవతల నుంచి, టక్, టక్. ఇద్దరం నోట్లో ముద్దతో అలాగే ఉండిపోయాం. కారే నీళ్ల చప్పుడు కూడా ఆగిపోయిందా అనిపించింది. చాలాసేపటికి, చాలా మెల్లగా, టక్.

“నీళ్లు,” అన్నాను.

ఆ తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తు. మామ నా రెక్క పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. భుజం ఊడిపోయిందనుకున్నాను. రొట్టె, గిన్నె, నీళ్ల సీసా, నా పరువు అక్కడే వదిలేసి ఉరికాను. టబ్బుల పట్టాలు తట్టుకుని పడ్డాను, లేచాను, మళ్లీ ఉరికాను. నోటి నుంచి “అవ్వా” అన్న కేక వచ్చింది (తర్వాత మలుపు దగ్గరున్నవాళ్లు దీన్ని కాలనీ అంతా అనుకరించి చూపించారు). మలుపు తిరిగామో లేదో, వెనక నుంచి గాలి మమ్మల్ని తోసింది. ముందు గాలి, ఆ తర్వాత చప్పుడు. బాయి మొత్తం ఒక్కసారి మూలిగినట్టు. దీపాల ముందు దుమ్ము తప్ప ఏమీ లేదు. దుమ్ము తగ్గాక చూస్తే, మేం కూర్చున్న చోట పైకప్పు లేదు. అది కిందికి దిగి, పలకల్నీ మా రొట్టెల్నీ కప్పేసి, కొండలా కూర్చుని ఉంది.

పైకి తీసుకొచ్చాక మా షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ మమ్మల్ని నిలబెట్టి అడిగాడు. “మీకెట్ల తెలిసింది రా?”

మామ నిజమే చెప్పాడు. “దెయ్యం తలుపు కొట్టింది సార్.”

ఓవర్‌మన్ నావైపు తిరిగాడు. చదువుకున్నవాడిలా కనబడతానేమో. “సినిమాల చూసినం సార్,” అన్నాను. “సప్పుడు ఇంటె ఎనుకకు తిరిగి పోవాలె.”

ఆయన తల పట్టుకున్నాడు. “పిచ్చోళ్లారా, గవి కప్పు మోసే కట్టె గుంజలు! పైన బరువు పడి ఇరుగుతుంటే గట్లనే సప్పుడొస్తది. దెయ్యం లేదు, గియ్యం లేదు,” అని తిట్టి, తిట్టినంతసేపూ మా ఇద్దరి భుజాల మీద చేతులు తీయలేదు.

గుంజలే కావచ్చు. కానీ ఆ మాట అత్తకు చెప్పేదెవరు? ఆ రోజు ఆమె మా ఇద్దరికీ తల మీద నుంచి నీళ్లు పోసి, దుమ్ము కడిగి, ఏడ్చింది. సాయంత్రం కొబ్బరికాయ, పసుపు, కుంకుమ పళ్లెంలో పెట్టుకుని డేరాకు బయల్దేరింది. ఆమె వెనకే క్వార్టర్ల లైనంతా కదిలింది. తెర మీద తలుపు రాగానే అత్త లేచి వెళ్లి దాని ముందు కొబ్బరికాయ కొట్టింది. “మా ఇంటి మగోళ్లను కాపాడినవు తల్లీ,” అని సాగిలపడింది. డేరా యజమాని పరుగెత్తుకొచ్చి, “అమ్మా, తెర తడుస్తది!” అని మొత్తుకున్నాడు. మర్నాడు ఇంకో పది కొబ్బరికాయలు వచ్చేసరికి తెర ముందు తనే ఒక రాయి పాతించాడు.

ఇక ఆ బొమ్మ కాలనీ వదల్లేదు. వేరే బొమ్మ వేస్తే జనం రారు. షిఫ్టు దిగినవాళ్లు స్నానం చేసి, తల దువ్వుకుని మరీ వచ్చేవారు. చప్పుడు సీను రాగానే చెప్పులు విడిచి లేచి నిలబడేవారు. కొత్తగా వచ్చిన ఎవడైనా నవ్వితే, “నవ్వకు, ఆమెకు కోపమొస్తది,” అని పక్కవాడు మోకాలితో పొడిచేవాడు. అసలు చిక్కు చివరి రీలుతో వచ్చింది. మంత్రగాడు నిమ్మకాయలతో లోపలికి రాగానే డేరా అంతా గోల. “నీయవ్వ, ఆమెను ముట్టకు!” అని ఒకాయన తన టిఫిను డబ్బా తెర మీదికి విసిరాడు. తెర చిరిగింది. ఆ రోజు నుంచి యజమాని చివరి రీలు పెట్టెలోంచి తీయడం మానేశాడు. ఆమెను ఎవరూ బంధించలేదు, హీరోకు పెళ్లి కాలేదు. బంగళాలో చప్పుడు వినబడుతుండగానే దీపాలు వెలిగేవి. జనం తృప్తిగా ఇళ్లకు పోయేవారు. (నా ఉద్దేశంలో సినిమా అలాగే బాగుంది. ఇది నేను మనస్ఫూర్తిగా ఇచ్చిన మొదటి మంచి మాట.)

నేను మాత్రం చాలా రోజులు డేరా గడప తొక్కలేదు. ఉరికినప్పుడు పెట్టిన కేక గురించి ఎవరేమంటారోనని సిగ్గు. చివరికి ఒక సాయంత్రం ఉండబట్టలేక ఒక్కణ్ణే వెళ్లి, మొదటిసారిలా నవ్వకుండా, చెవులు రిక్కించి విన్నాను. టక్. ఆగింది. టక్, టక్. తర్వాతి సీనులో మళ్లీ అదే వరస. ముందు ఒకటి, తర్వాత రెండు. బాయిలో మేం విన్నది అది కాదు. అక్కడ ముందు రెండు, ఆ తర్వాత ఒకటి. అంటే మేం ఇన్నాళ్లూ సినిమా చప్పుడు అని చెప్పింది సినిమా చప్పుడే కాదు.

మర్నాడు పొద్దున మామ ఇంటి ముందు పళ్లు తోముకుంటుంటే పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను. ఆయన వేప పుల్ల నోట్లోంచి తీసి ఉమ్మేశాడు.

“నాకెర్కనే అల్లుడా. అప్పుడే ఎర్కయ్యింది, గది సినిమా సప్పుడు కాదని.”

“మరెందుకు ఉరికినవ్ మామా?”

“కాయ్ రే, నేనేడ ఉరికిన? నేను లేద్దామనుకుంటున్న, కాళ్లు వస్తలెవ్వు. నువ్వే గదా నా రెక్క పట్టి గుంజినవ్!”

నేను నవ్వబోయాను. ఆయన నవ్వడం లేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, కుడి రెక్క మీద ఎక్కడ పట్టుకున్నానో వేలితో చూపించాడు. “ఎంత గట్టిగ పట్టినవ్ రా. వారం దాక నొచ్చింది.”

“మామా,” అన్నాను, “నా చేతుల రొట్టె ఉండె. రెండు చేతుల. నువ్వే నన్ను గుంజినవ్.”

“నేను ముట్టనే లేదు అల్లుడా.”

చలికాలం ఎండ అప్పుడప్పుడే మా మోకాళ్ల మీదికి వస్తోంది. ఎదురింట్లో ఎవరో పొయ్యి ఊదుతున్నారు. ఇద్దరం ఒకరి చేతులు ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. లోపల్నుంచి అత్త, “చాయ సల్లారుతుంది, ఏం గుసగుసలు?” అని కేకేసింది. మామ లేచి, “ఏం లేదు, సినిమా ముచ్చట,” అన్నాడు. అంతే. ఆ సంగతి మళ్లీ మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు, ఇంకెవరికీ మేం చెప్పలేదు. కానీ ఆ సాయంత్రం అత్త కొబ్బరికాయ సర్దుతుంటే, నేనే మరొకటి తెచ్చి పళ్లెంలో పెట్టాను. ఆమె ఆశ్చర్యంగా చూసి, దానికీ బొట్టు పెట్టింది.

వానాకాలం ముందు డేరా వేరే ఊరికి పోయింది. కొన్నేళ్లకు మామ పని మానేసి అత్తతో ఇచ్చోడ వెళ్లిపోయాడు. నేను బాయి లోపలి నుంచి పైన నేల మీది పనికి మారాను, పెళ్లి చేసుకున్నాను, ముసలివాణ్ణయ్యాను. ఇప్పటికీ ఏ సినిమా చూసినా మా మనవరాలు నన్నే అడుగుతుంది, ఎలా ఉందని. నేనూ వెనకాడకుండా చెబుతాను. అప్పుడప్పుడూ మాత్రం, చెప్పేది మధ్యలో ఆపి, ఆ ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. ఎన్నింటికి ఎన్ని తీర్పులు చెప్పాడో పాపం. ఆ ఒక్కరోజు మాత్రం, చీకట్లో ఎవరిదో తెలియని చెయ్యి తన రెక్క పట్టుకున్నప్పుడు, తెలివిగా ఒక్క తీర్పూ చెప్పకుండా దాని వెంట ఉరికాడు.