ఫౌస్టినో గారి నెత్తిమీద సర్క్యులర్లు

ఫౌస్టినో వారాచీ గారికి ఒకటే జబ్బు. రాజధాని నుంచి ఏ సర్క్యులర్ వచ్చినా దాన్ని రెండు చేతులా ఎత్తి నెత్తిమీద పెట్టుకునేవారు. “శిరసావహించాను, అమలు చేయను” అని గట్టిగా పలికి, ముట్టినట్టు ముద్ర కొట్టి, సంతకం చేసి, తన సొరుగులో పడేసి తాళం వేసేవారు. తాళంచెవి ఆయన మెడలో శిలువ పక్కనే వేలాడేది.

మా శాన్ ఎలియాస్ గని ఊళ్ళో జనన మరణాలు నమోదు చేసే ఆఫీసుకి ఆయన పెద్ద, నేను గుమాస్తాని. ఇదేం చోద్యమని చేరిన కొత్తలో అడిగాను. పూర్వం స్పెయిన్ రాజుగారి ఫర్మానా సముద్రం దాటి, మా కొండలెక్కి వస్తే, ఇక్కడి దొరలు అలాగే నెత్తిన పెట్టుకుని ఆనక మూల పడేసేవారట. “రాజు మాటకే అంతకు మించి చేయలేదు. రాజధానిలో కూర్చున్న ఒక డైరెక్టరు మాటకి చేస్తే బాగుండదు కదమ్మా” అన్నారు.

ఆయన లెక్కలో లోకమంతా రెండే ముక్కలు: చట్టం, సర్క్యులర్. వాన పడితే చట్టం. పడుతుందని రేడియో చెబితే సర్క్యులర్. ఉప్పు మానమని డాక్టరు రాసిచ్చిన చీటీని నెత్తిన పెట్టుకుని, ఆ పూటే ఎండు బంగాళాదుంపల చునో సూపులో చారెడు ఉప్పు వేసుకున్నారు. వాళ్ళావిడ ఎన్‌కార్నా గారు గరిటె చూపించాక మాత్రం మానేశారు. అదేమిటండీ అంటే, ఆవిడది చట్టమన్నారు.

నవ్వులాటకేం గాని, నాకు ఒళ్ళు మండే సంగతి ఒకటుంది. ఆ సర్క్యులర్లు మాకు చూపించేవారు కాదు. అడిగితే, నీకెందుకమ్మా అనేవారు. అంతా తన గుప్పిట్లోనే ఉండాలన్న పెత్తనమని తిట్టుకునేదాన్ని. పదకొండేళ్ళు సర్కారు కొలువు చేసి ఒక్క సర్క్యులర్ చదవని గుమాస్తాని ఈ దేశంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆ ఫిబ్రవరిలో కొండచరియ విరిగి, గనివాళ్ళ ఇళ్ళ మీద బురద పడింది. నలభై మంది పోయారు. అందులో పంతొమ్మిది మంది దొరకనే లేదు. మూడు వారాలు తవ్వి తవ్వి ఆపేశారు. అయినవాళ్ళు బురద ఎండిన చోట మనిషికో కర్ర పాతి, దానిముందు కోకా ఆకులు పెట్టి ఏడ్చి వచ్చేవారు.

ఏప్రిల్లో ఉర్సులా వచ్చింది. చంకలో ఎనిమిది రోజుల పసివాడు. మొగుడు ఎలోయ్ కొండోరీ ఆ బురద కిందే ఉన్నాడు. ముందు జిల్లా ఆఫీసుకి వెళ్ళిందట. పద్నాలుగో నంబరు సర్క్యులర్ ప్రకారం తండ్రి స్వయంగా వచ్చి సంతకం చేయాలి, లేదా మరణపత్రం తేవాలి అన్నారట. శవం లేదు గనక పత్రం లేదు. పత్రం లేదు గనక తండ్రి పేరు గడి ఖాళీగా వదిలేస్తామన్నారట. పెళ్ళయిన ఆడదాని బిడ్డకి మొగుడే తండ్రి అని చట్టం చెబుతూనే ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే.

“ఆయన్ని రమ్మని రోజూ ఆ కర్ర దగ్గర అడుగుతూనే ఉన్నానయ్యా” అంది ఉర్సులా. “మనిషి ఎలాగూ పోయాడు. పేరు కూడా మిగలకూడదా?”

ఫౌస్టినో గారు పెళ్ళిపత్రం అడిగి తీసుకుని రెండుసార్లు చదివారు. తరవాత నావైపు తిరిగి, “రాయమ్మా. తండ్రి ఎలోయ్ కొండోరీ” అన్నారు. రాశాను. ఆ ఏడాది అలాంటివి ఆరు రాశాను.

సెప్టెంబరులో రాజధాని నుంచి తనిఖీ అధికారి దిగాడు. రిజిస్టరు తిరగేసి, ఆరూ నీ చేతిరాతే కదా అన్నాడు నాతో. మా ఆయన గని దుమ్ము మింగి మంచాన పడి రెండేళ్ళయింది. ఈ ఉద్యోగం ఊడితే ఇంటిల్లిపాదీ వీధిన పడతాం.

“ఆవిడకి ఆ సర్క్యులర్ ఉందనే తెలియదు” అన్నారు ఫౌస్టినో గారు తాపీగా, మెడలోంచి తాళంచెవి తీస్తూ.

సొరుగు తెరిచారు. ఇరవైరెండేళ్ళ సర్క్యులర్లు. ప్రతిదాని మీదా ముట్టినట్టు ముద్ర, దానికింద ఒక్క సంతకం, ఆయనది. అధికారి ఒక్కొక్కటే తిరగేశాడు. ఎందుకిలా చేశారని అడిగాడు.

“సర్క్యులర్ జనాన్ని కట్టెయ్యదు బాబూ. అందుకున్న ఉద్యోగినే కట్టేస్తుంది. ఇక్కడ ఒక్కణ్ణి కట్టేస్తే చాలదా?”

నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. పదకొండేళ్ళు ఆ మనిషిని పెత్తందారని తిట్టుకున్నాను.

నన్నెవరూ ఏమీ అనలేదు. చట్టప్రకారం ఉన్న నమోదుని కొట్టేయడానికి సర్క్యులర్ చాలదని అధికారే రాసుకుని వెళ్ళాడు. ఆ ఆరుగురు పిల్లలకీ తండ్రి పేర్లు నిలిచాయి. శిక్ష మాత్రం ఫౌస్టినో గారికి పడింది. రిటైరవడానికి ఏడు నెలలుందనగా, మంచుకొండల అవతల గొర్రెలు తప్ప మనుషులు పుట్టని ఊరికి తోసేశారు.

ఆయన బస్సెక్కే రోజు ఉర్సులా బిడ్డనెత్తుకుని వచ్చింది. వీడి పేరు మార్చి మీ పేరు పెట్టుకుంటానంది. ఆయన మొహం మాడ్చుకున్నారు.

“రిజిస్టరులో ఎక్కిన పేరు మార్చాలంటే జడ్జిగారి తీర్పు కావాలి. అది చట్టం. నేనొప్పుకోను.”

“పోనీ, ఇంట్లో పిలుచుకోనా అయ్యా?”

ఆయన నిజంగానే ఆలోచనలో పడ్డారు. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు.

“ఇంట్లో ఏమని పిలవాలో ఏ చట్టంలోనూ రాయలేదు” అన్నారు చివరికి. బస్సు కిటికీలోంచి చెయ్యి చాపి పసివాడి కాలి బొటనవేలు మెల్లగా లాగారు.