అవతలి వైపు నట్టు

దేవదాసు గోడకు డ్రిల్లు ఆనించాడు గానీ మీట నొక్కడానికి వేలు రాలేదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ట్రాక్టర్ ట్రాలీలు తయారుచేసే షాపులో వెల్డర్ అతను. బతుకంతా ఇనుముతో కుస్తీ పట్టిన మనిషికి ఒక పలచటి ఇటుక గోడ ముందు చెమటలు పట్టాయి. అది అతని ఒక్కడి గోడ కాదు మరి. అతనిదీ, తమ్ముడు నగేష్‌దీ.

ఆ గోడ సంగతి తలుచుకుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఇల్లు పంచుకున్నప్పుడు గదుల దగ్గర సర్దుకున్నారు, వాకిలి దగ్గర సర్దుకున్నారు. నడవ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ పంతం ఎక్కింది. నాకంటే నాకన్నారు. చివరికి నడవను నిలువునా చీల్చి మధ్యలో గోడ లేపారు. బుద్ధున్నవాళ్లు చేసే పనేనా? ఇప్పుడు అటు తమ్ముడూ పక్కకు తిరిగే నడుస్తాడు, ఇటు అన్నా పక్కకు తిరిగే నడుస్తాడు. పైగా పెద్దమనుషుల ముందు ఒప్పందం ఒకటి: ఒకరినొకరు అడగకుండా ఆ గోడకు మేకు కూడా కొట్టొద్దు. ఆనాటి నుంచి మాటలే లేవు గనక అడిగేదీ లేదు, కొట్టేదీ లేదు. రెండిళ్లలోనూ క్యాలెండర్లు వంటింటికి చేరాయి.

వాళ్ల పంతానికి శిక్ష పడింది మాత్రం దేవదాసు భార్య సమ్మక్కకు. పడకగది నడవకు ఈ చివర, బాత్రూం ఆ చివర. మోకాళ్లు అరిగిన మనిషి, సగం దూరంలో కాళ్లు వణికి, కూర్చోవడానికి ఆసరా లేక అక్కడే పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. హనుమకొండలో ఆపరేషన్ చేసిన డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు: ఇంకోసారి పడితే ఇక మంచమే, మధ్యలో కూర్చోబెట్టి నడిపించండి అని. ఎక్కడ కూర్చోబెట్టాలి? కుర్చీ వేస్తే మనిషి పట్టదు, మనిషి నడవాలంటే కుర్చీ పట్టదు.

దేవదాసుకు ట్రాలీ వెనక తలుపు గుర్తొచ్చింది. కిందికి దించితే గొలుసుల మీద నిలుస్తుంది, ఎత్తి గడియ వేస్తే ఒదిగిపోతుంది. ఆ పద్ధతిలోనే ఒక సన్నటి బల్ల తయారుచేశాడు. టేకు పలక, కింద ఇనుప చట్రం, గోడ వైపు మడత బందులు, రెండు పక్కలా గొలుసులు. అంతా బాగుంది. బిగించడానికి చోటే లేదు. నడవలో ఎదురు గోడంతా తలుపులూ కిటికీలూ. ఖాళీగా ఉన్నది నడిమి గోడ ఒక్కటే. సాయంత్రానికి కూతురు హరిత ఆసుపత్రి నుంచి తల్లిని తీసుకొచ్చేస్తుంది.

అడుగుదామనే పొద్దున తమ్ముడి వాకిట్లోకి పోయాడు. బండి కడుగుతున్న నగేష్ తలెత్తి చూశాడు. అంతే, దేవదాసు ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి తిరిగొచ్చాడు. వాడు వద్దంటే ఇక చేసేదేముంటుందన్న భయం రోషం కన్నా ఎక్కువైంది.

అందుకే ఇప్పుడు దొంగలా డ్రిల్లు పట్టుకుని నిలబడ్డాడు. కళ్లు మూసుకుని మీట నొక్కాడు. గోడ అవతలికి పోకుండా పైపైనే రంధ్రాలు చేసి, చిన్న బోల్టులు దిగ్గొట్టి, బల్ల బిగించాడు. దించి, తనే కూర్చున్నాడు. ఊపిరి పీల్చుకునేలోపే సిమెంటు పెళ్లలతో సహా బోల్టులు ఊడొచ్చి, బల్లతో పాటు తనూ కింద పడ్డాడు.

నడుము నొప్పి తెలియలేదు. తన చోట సమ్మక్కను ఊహించుకున్నాడు. కొంచెంలో చంపేసేవాణ్ణి కదా అనుకున్నాడు. బోల్టు అవతలికి పోవాల్సిందే. అటు ఇనుప పట్టీ వేసి, నట్టు బిగించాల్సిందే. అటు అంటే తమ్ముడి ఇల్లు. ఇక ఆలోచిస్తే ధైర్యం చాలదని డ్రిల్లుకు పొడవాటి బిట్టు తగిలించి ఒకే ఊపున పొడిచేశాడు.

"అయ్యో, గోడలకెల్లి గీ చువ్వేంది!" అవతలి నుంచి నగేష్ భార్య కళావతి కేక.

రెండో రంధ్రం పూర్తయ్యేసరికి నగేష్ గుమ్మంలో ఉన్నాడు. గోడ లేచాక ఈ ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదలు.

"ఎవల్నడిగి పొడిచినవ్ గోడను? పెద్దమనుషుల ముందు ఏమనుకున్నం?"

"అడుగుదామనే వచ్చిన. నోరు రాలే."

"నోరు రాలేదట! డ్రిల్లు మంచిగనే వచ్చింది!"

దేవదాసు తల దించుకున్నాడు. నగేష్ చూపు కింద పడున్న బల్ల మీద, ఊడొచ్చిన బోల్టుల మీద, మూలన కొత్తగా కొన్న చేతికర్ర మీద ఆగింది. గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. పంచాయితీ పెట్టడానికే పోయాడనుకున్నాడు దేవదాసు.

అప్పుడే ఇంటి ముందు ఆటో ఆగింది. హరిత లోపలికి పరిగెత్తుకొచ్చింది. "బాపూ, అమ్మ ఆటోల కూసోలేకపోతున్నది. బాత్రూమ్‌కు పోవాలంటున్నది. జర జల్ది!"

దేవదాసు బల్ల ఎత్తి ఆనించి, బోల్టులు దూర్చాడు. అవతల పట్టుకునే దిక్కు లేదని తెలిసీ దూర్చాడు. తోసిన బోల్టు ఉన్నట్టుండి బిగుసుకుంది. అవతల ఎవరో పట్టుకున్నారు.

"అన్నా." గోడలోంచి వచ్చినట్టుగా ఉంది గొంతు. "పట్టీ లేకుంట నట్టెట్ల బిగిస్తవ్? ఇటుక పగుల్తది. పోరితోని ఇటు పంపు."

హరిత పట్టీ, నట్లు పట్టుకుని చుట్టూ తిరిగి బాబాయి ఇంటికి ఉరికింది. ఇటు దేవదాసు బోల్టు తలను పానాతో పట్టుకున్నాడు. అటు నగేష్ నట్టు తిప్పాడు. "ఇంకింత", "ఆగు", "ఆఁ, ఐంది". ఇన్నేళ్లకు అన్నదమ్ములు పోట్లాట లేకుండా మాట్లాడుకున్న మాటలు అవే. దేవదాసుకు కళ్లు మసకబారి చేతిలోని బోల్టు కూడా కనిపించలేదు.

సమ్మక్క చేతికర్ర మీద ఒక్కో అడుగూ వేసుకుంటూ నడవ మధ్యకు వచ్చింది. అక్కడే, పోయినసారి పడ్డచోటే, ఆమె కాళ్లు వణికాయి. దేవదాసు బల్ల దించాడు. ఆమె దాని వంక, గోడ వంక అనుమానంగా చూసి, దేవుణ్ణి తలుచుకుని కూర్చుంది. గొలుసులు కిర్రుమని బిగిశాయి. గోడ కదల్లేదు.

"వదినే, కూసున్నవా?" అవతలి నుంచి నగేష్ అడిగాడు.

సమ్మక్క ఉలిక్కిపడింది. ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో. "కూసున్న నగేషూ. నువ్వేం చేస్తున్నవ్ ఆడ?"



"గోడ పట్టుకున్న వదినే. నువ్వు మంచిగ కూసో."