కొరియా పిల్లల కోసం చప్పిడి కూడు

ఇంటర్ రెండో ఏడు చదివే ఆ రోజుల్లో నాకున్న దిగులల్లా ఒక్కటే: కొరియాలో పాటలు పాడుతూ డాన్సు చేసే ఆ ఐదుగురు అమ్మాయిలు కలిసి ఉంటారా, విడిపోతారా అని. (నా మార్కుల దిగులు ఇంట్లోవాళ్ళు పడుతూనే ఉన్నారు, ఒకే దిగులు ఇంతమంది పడటం దేనికి?) వాళ్ళని చిన్నప్పుడే ఒక కంపెనీ చేరదీసి పాటా ఆటా నేర్పించింది. మొదట్లో వాళ్ళ పాటల్ని ఎవరూ పట్టించుకోలేదు. ఖాళీ కుర్చీల ముందు వానలో తడుస్తూ ఆడిన వీడియో ఒకటుంది, అది చూసినప్పుడల్లా వెక్కి వెక్కి ఏడ్చేదాన్ని. తర్వాత ఒక్క పాటతో దశ తిరిగింది, దేశదేశాలూ తిరిగారు. అయితే కంపెనీతో వాళ్ళ ఒప్పందం ఏడేళ్ళే. ఏడో ఏడు రాగానే ఇలాంటి బృందాలు చాలావరకు చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోతాయి. మావాళ్ళకీ ఆ ఏడు రానే వచ్చింది. పెద్దమ్మాయి సినిమాల్లోకి వెళ్ళిపోతుందని ఒకటే పుకారు.

మా ఇంట్లో ఏదైనా గట్టిగా కావాలనుకుంటే, ఇష్టమైన తిండి ఒకటి వదిలేసి మొక్కుకోవడం ఆచారం. మిరపతోటకి తెగులు తగిలిన ఏడు నాయనమ్మ పెరుగు మానేసింది, పంట దక్కింది. అంతకంటే రుజువు ఏం కావాలి? వాళ్ళు మళ్ళీ సంతకాలు పెట్టేదాకా కారం ముట్టనని నేనూ దేవుడి పటం ముందు మొక్కుకున్నాను. మొక్కు సంగతి బయటికి చెబితే ఫలం పోతుంది కాబట్టి నోరు మెదపలేదు. కల్లం నిండా మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్న రోజుల్లో, గుంటూరు జిల్లాలో పుట్టి, పండుమిరప పచ్చడి వద్దన్న పిల్లని ఎవరు ఊరుకుంటారు?

"ఏమే, పథ్యమా?" అంది నాయనమ్మ మొదటి రోజు. మర్నాడు నా కంటి కింద రెప్ప లాగి చూసి, "ఒరేయ్ అబ్బాయ్, పచ్చగా ఉందిరా! కామెర్లే!" అని నాన్నని కేకేసింది.

"కామెర్లైతే ఫోన్ చూసుకుని ఏడవడం దేనికత్తయ్యా? మనసులో ఏదో పెట్టుకుంది," అంది అమ్మ, నావైపు అదోలా చూస్తూ.

నాన్న వెంటనే స్కూటర్ తీశాడు. నిజం చెప్పేస్తే పోయేది, కానీ ఐదుగురి బతుకులు నా నోటి మీద ఆధారపడి ఉన్నాయని నా నమ్మకం. నోరు మూసుకుని వెనక కూర్చున్నాను.

గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆసుపత్రిలో రక్తం తీసుకుని, రిపోర్టు వచ్చేదాకా బయట బల్ల మీద కూర్చోమన్నారు. నాన్న తువ్వాలుతో మాటిమాటికీ మొహం తుడుచుకుంటున్నాడు. (ఎండకేమో అనుకున్నాను. ఫ్యాను మా నెత్తి మీదే తిరుగుతోంది.) సరిగ్గా నర్సు కాగితం పట్టుకుని తలుపు తీసేసరికి నా ఫోన్‌లో వార్త వచ్చింది. ఐదుగురూ సంతకాలు పెట్టారు! నేను పెద్దగా కేకపెట్టి భోరుమన్నాను. నాన్న దిగ్గున లేచి నా భుజాలు పట్టుకున్నాడు.

"ఏమైంది తల్లీ? చెప్పమ్మా. ఏ ఊరైనా తీసుకెళ్తా, బాగు చేయిస్తా."

"విడిపోలేదు నాన్నా! ఐదుగురూ కలిసే ఉంటారంట!"

"ఎవరమ్మా?"

"అన్నీ నార్మలేనండీ," అంది నర్సు, మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ.

అక్కడే అంతా చెప్పేశాను. చెంప పగలగొడతాడనుకున్నాను. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని, "అంటే ఏడేళ్ళ కౌలు. గడువైపోతే మళ్ళీ రాసుకున్నారు. అంతేగా?" అన్నాడు.

"అంతే నాన్నా."

"ఒక్క తల్లి బిడ్డలు కాకపోయినా ఏడేళ్ళు కలిసున్నారా! మంచి పిల్లలే," అన్నాడు. పొలం గట్టు దగ్గర మాటామాటా వచ్చి సొంత తమ్ముడితో వేరుపడ్డ మనిషి ఆయన. ఆ మాట ఊరికే అనలేదని నాకు అప్పుడే తెలిసింది. తర్వాత పక్క మెస్సులో వేడన్నంలో గోంగూర పచ్చడి కలుపుకుని, కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా తిన్నాను. "నెమ్మదిగా తినవే, ఎక్కడికీ పోరుగా ఇంక," అని నవ్వాడు నాన్న. ఆ నవ్వు చూశాక గానీ ఆయన ఎంత హడలిపోయాడో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. ఆ పాటలు విని ఎన్నాళ్ళయిందో. కిందటి నెల నాన్న ఫోన్ చేసి, పంట సంగతులన్నీ అయ్యాక, "మీ కొరియా పిల్లల కౌలు ఈ ఏడుతో అయిపోతుందిగా?" అన్నాడు. ఏమో నాన్నా, చూడలేదన్నాను. ఊఁ అని పెట్టేశాడు. నిన్న వాళ్ళు మళ్ళీ సంతకాలు పెట్టారన్న వార్త కనబడితే, సరదాకి ఫోన్ చేసి చెప్పాను.

"హమ్మయ్య!" అని గట్టిగా ఊపిరి వదిలాడు నాన్న. "ఏమేవ్, ఓ కాఫీ పెట్టు. చిక్కగా పెట్టు!"

"గ్యాసు పట్టేస్తోందని నెల్నాళ్ళుగా కాఫీ ముట్టడం లేదుగా మీరు? ఇప్పుడేమొచ్చింది?" అంటోంది అమ్మ వంటింట్లోంచి.

"పెట్టవే ముందు," అన్నాడు నాన్న. నేను ఫోన్ పెట్టెయ్యకుండా, ఆ కాఫీ వచ్చేదాకా వింటూ కూర్చున్నాను.