తాతకు పంచ కట్టే హక్కు

ఏరియూరులో పంచవర్ణం వాళ్ల వేరుశెనగ చేను గట్టున ఒక రాయి ఉంది. ఇంటివాళ్లంతా దాన్ని తాత అంటారు. ఎప్పుడో పులితో పోరాడి ప్రాణం విడిచిన పూర్వీకుడట. ఏటా తమిళుల ఆడి నెలలో సున్నం కొట్టి, పంచ కట్టి, పొంగలి పెడతారు. బతికినన్నాళ్లూ ఆ పంచ కట్టింది ఆమె భర్త రంగసామి. ముందు తువ్వాలుతో రాయి మొహం తుడిచేవాడు, ఆ తర్వాతే కట్టేవాడు. ఆయన పోయాక ఆ పని తానే చేయాలని పంచవర్ణం ఎంతో ఆశపడింది. మరిది లోకనాథన్ అడ్డం పడ్డాడు.

"మొగోళ్లకి పంచ కట్టేది మొగోళ్లే, వదినా. నువ్వు దూరంగా నిలబడి మొక్కుకో."

మాట పెంచడం ఇష్టంలేక నిలబడింది. భర్త చేతి పని పరాయిదైపోయిందన్న బాధ మాత్రం పోలేదు.

ఆమె కూతురు వినోదిని ధర్మపురి కాలేజీలో చరిత్ర చదువుతోంది. ఊళ్లలోని వీరగల్లులను, అంటే పోరాడి చనిపోయినవాళ్ల బొమ్మ చెక్కి నిలిపిన ఇలాంటి రాళ్లను, కంప్యూటర్‌లోకి ఎక్కించే పని పెట్టుకుంది. రాయి చుట్టూ తిరిగి ఫోన్‌తో వందల ఫొటోలు తీస్తే, వాటిని కలిపి కంప్యూటర్ అచ్చం అలాంటి రాయినే తెర మీద నిలబెడుతుందట. ఫొటోలనగానే లోకనాథన్‌కు ఎక్కడలేని హుషారు వచ్చింది. తాతకు కొత్త జరీ పంచ చుట్టి, తలదాకా చామంతి దండలు వేసి, పెళ్లికొడుకును చేశాడు. వినోదిని వచ్చి తల పట్టుకుంది.

"చిన్నాయనా, నాకు కావాల్సింది రాయి. పంచ కాదు!"

అతను సణుగుతూనే అన్నీ విప్పాడు.

కొన్నాళ్లకు వినోదిని వాకిట్లో ల్యాప్‌టాప్ తెరిచింది. తెర మీది రాయికి రంగంతా తీసేసి, వెలుతురు ఒక పక్కనుంచి పడేలా తిప్పింది. సున్నం పొరల కింద అణిగిపోయిన గీతలు నీడలతో పైకి తేలాయి. లేచి నిలబడ్డ పులి. దాని మీదికి ఎత్తిన ఈటె. గాజుల చెయ్యి, పెద్ద కొప్పు.

"ఆ కాలం మొగోళ్లకీ కొప్పులుండేవి," అన్నాడు లోకనాథన్.

వినోదిని బొమ్మను ఇంకాస్త తిప్పింది. రొమ్ములు కనిపించాయి. అతను గొంతు సవరించుకుని చేను వైపు చూడసాగాడు.

"తాత కాదు చిన్నాయనా, అవ్వ."

పంచవర్ణానికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఆడి నెల రానే వచ్చింది. ఈసారి లోకనాథన్ సున్నం తేలేదు, ఆకుపచ్చ చీర తెచ్చాడు. మడత విప్పి రాయి ముందు చాలాసేపు తచ్చాడాడు. చివరికి వెనక్కి తిరగకుండానే చీరను వదిన వైపు చాపాడు.

"ఆడమనిషికి నేనెట్ల కట్టేది, వదినా? నువ్వే రా."

పంచవర్ణం వెళ్లి, ముందు కొంగుతో రాయి మొహం తుడిచింది. లోకనాథన్ దూరంగా నిలబడి మొక్కుకున్నాడు.