నల్లాలోని తోలు బిళ్ల

ఈ రోజు నా భార్య మూడవ మాసికం. ముందు తలస్నానం చేద్దామని పెరట్లో నల్లా తిప్పాను. అత్తగారు వచ్చి కట్టేశారు. నల్లా లోపల తోలు బిళ్ల ఉంటుందట, ఆ నీళ్లు మైలట, వీధి చివరి బావి నీళ్లే కావాలట.

నాకు విసుగొచ్చింది. "మీ బిడ్డ రెండేండ్లు గీ నీళ్లతోనే తానం జేసి దీపం వెట్టింది గదా, అత్తమ్మా," అన్నాను.

"అందుకే గదా బాపూ, దేవుడు దాన్ని తీస్కపోయిండు," అన్నారామె.

కాలేజీలో సైన్సు చదివినవాణ్ని. అయినా చేద, తాడు పట్టుకొని బావికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆమె కళ్లు తుడుచుకుంటూ పొడి ధోవతి అందించారు. కోపం తెచ్చుకోవడానికి కూడా వీలు లేకపోయింది.

నల్లా వేయించుకున్నవాళ్లు మీ ఇంటి పెద్దలకు ఎట్లా నచ్చజెప్పారో చెప్పండి. వచ్చే మాసికానికి ఇంకా నెల ఉన్నది.